రెండు కాలేజీల మధ్య మా మావయ్య

తెలివితక్కువతనంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి మార్కులే వచ్చేవి. అయినా ఏ కాలేజీలో చేరాలో తేల్చిపెట్టమని మా మావయ్యను అడగడం మాత్రం ఆ సబ్జెక్టులో నేను కొట్టిన ఫస్టు క్లాసు. ఎవరో బలవంతం చేశారని చెప్పుకోవడానికి కూడా లేదు. నాన్న వద్దన్నాడు. అమ్మ అయితే, "అన్నయ్యనా?" అని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నేనే పట్టుబట్టాను. ఆయన నాలుగూళ్ళు తిరిగిన మనిషి కదా అని వాదించాను. తిరిగిన మాట నిజమే. ఎక్కడా ఆగలేదన్న సంగతే నాకు అప్పటికి తెలియదు.

పోయిన నెలలో ఆయన పోయారని కబురు వచ్చింది. నిండుగా బతికి, పెద్దగా బాధ పడకుండా, సొంత మంచం మీదే పోయారు. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళమంటారా, బెజవాడ ఆస్పత్రికా అని కొడుకులు అడిగితే, రెంటి మంచిచెడ్డలూ వివరంగా చెప్పడం మొదలుపెట్టారట. చెబుతూ చెబుతూనే నిద్రలోకి జారుకున్నారట. ఫోనులో ఈ మాట విని, ఏడవవలసిన చోట నేను నవ్వాను. మా ఆవిడ నన్ను అదోలా చూసింది. ఆవిడకు సంజాయిషీగా చెప్పినదే ఇది.

మావయ్య మా అమ్మకు అన్న. హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు నడిపేవారు. ఆఫీసంటే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ముందు ఒక మేజా, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, వెనక ఎప్పుడూ ఎవరివో బస్తాలు. రోడ్లు కలిసే ఊళ్ళో పుట్టి పెరగడం వల్లనో ఏమో, ఒక దారి పట్టుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. రెండు వస్తువులు కంటబడితే చాలు, పోల్చాలి. పోల్చడానికి ఆయనకు రెండు చేతులూ కావాలి. అరచేతులు రెండూ వెల్లకిలా చాపి, కుడిది ఒక పక్షం, ఎడమది ఇంకో పక్షం చేసి, మాట బరువును బట్టి ఒకదాన్ని దించుతూ ఒకదాన్ని లేపుతూ ఉండేవారు. ఆదివారం గుళ్ళో ప్రసంగం జరుగుతుండగా ఆయన ఒళ్ళో చేతులు మెల్లగా కదిలేవి. పాత పాస్టరుగారితో కొత్త పాస్టరుగారిని తూస్తున్నారని ఆడవాళ్ళ వైపు నుంచే కనిపెట్టి, మా అత్తయ్య గట్టిగా దగ్గేది.

బస్సులో ఈ అలవాటు ప్రమాదం. ఆయన ఏదో ఒకటి తూస్తూ ఉండగా బస్సు కదిలేది. పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఒకసారి అలాగే పోయి ఒకామె కోడిగుడ్ల బుట్టలో కూర్చున్నారు. లేస్తూ లేస్తూ, ఇవి నాటువా ఫారానివా అని అడిగారట. రెంటికీ పెంకు మందంలో తేడా ఉందట మరి.

ఇలాంటి మనిషి చేతుల్లో నా భవిష్యత్తును నేనే పెట్టాను.

డెబ్భైల్లో మాట. నేను పామర్రు దగ్గర పల్లెలో మిషను బడి మాస్టారి కొడుకుని. ఇంటర్ ఎలాగో గట్టెక్కాను. డిగ్రీకి మాకు తెలిసిన క్రైస్తవ కాలేజీలు రెండు. ఒకటి బెజవాడలో ఫాదర్లు నడిపేది. అంటే ఆర్.సి.ఎం. వాళ్ళది, రోమన్ కాథలిక్కులది. రెండోది వేరే పట్నంలో మా మిషను వాళ్ళది, ప్రొటెస్టంట్లది. పేర్లు రాయను. రాస్తే రెండు కాలేజీల పాత విద్యార్థులూ నా ఇంటి మీదికి వస్తారు, వచ్చినవాళ్ళలో ఎవరు పెద్దగా అరిచారో పోల్చడానికి మావయ్య కూడా లేరు. ఫాదర్ల దగ్గర ఫీజు ఎక్కువ, హాస్టలు మరీ ఎక్కువ. మిషను కాలేజీలో మిషను మాస్టార్ల పిల్లలకు ఫీజు తగ్గింపు. రెండు చోట్లనుంచీ వచ్చి కనబడమని కార్డులు వచ్చాయి.

ఎక్కడో ఒక చోట చేరి తీరాలి. చేరకపోతే ఏమవుతుందో కూడా తేలిపోయింది. మావయ్య ఆఫీసులో గుమాస్తా మానేశాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. సీటు రాకపోతే పిల్లాణ్ణి నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను, దిగులు పడకండి అని ఆయన ప్రేమగా అమ్మకు మాట ఇచ్చి, కుర్చీ కాలు కూడా బాగు చేయించారు. జీవితమంతా ఆ రెండు చేతుల ఎదురుగా కూర్చోవడం ఊహించుకుంటే, డిగ్రీ చేతికి రాకముందే నా ఒంటికి డిగ్రీలు ఎక్కేవి.

నా మనసు బెజవాడ మీద ఉంది. చదువు కోసమని చెబితే దేవుడు కూడా నమ్మడు కాబట్టి చెప్పను. కాలువ గట్ల మీద లైట్లు, వీధికో సినిమాహాలు, రాత్రీ పగలూ తేడా లేని రైలు స్టేషను. ఇవన్నీ ఉన్నచోట కాలేజీ కూడా ఉండటం నాకు దేవుని సంకల్పంగా తోచింది.

మావయ్య మా ఇంటికి వచ్చి, మంచం మీద బాసింపట్టు వేసి కూర్చుని, లారీ వ్యాపారం మొత్తం నా చదువుకు తగిలించారు.

"చూడండి మాస్టారూ, పోయేటప్పటి బాడుగ అందరూ చూస్తారు. తిరుగు లోడు ఉందా లేదా, అది చూడాలి. సరుకు దింపేసి ఖాళీ బండి వేసుకొస్తే డీజిలు ఖర్చులు కూడా రావు."

ఆయన లెక్కలో కాలేజీకి కట్టే ఫీజు పోయేటప్పటి బాడుగ. చదివి వచ్చాక దొరికే ఉద్యోగం తిరుగు లోడు. దీని మీద ఆయన అప్పటికే పరిశోధన చేశారు. జంక్షన్‌లో కాఫీ హోటలు ముందు నిలబడి, బస్సు దిగిన వాళ్ళలో జేబుకు పెన్ను ఉన్న ప్రతి మనిషినీ మీరు ఏ కాలేజీ అండీ అని అడిగారు. తేలిందేమంటే, ఫాదర్ల దగ్గర చదివినవాళ్ళు బ్యాంకుల్లో ఉన్నారు. మిషను కాలేజీవాళ్ళు బడుల్లో, ఆఫీసుల్లో ఉన్నారు. వాళ్ళు ఇంగ్లీషులో కసురుకుంటారు, వీళ్ళు ఇంగ్లీషులో ప్రార్థన చేస్తారు. బ్యాంకువాళ్ళు టీ డబ్బులు ఎవరివి వాళ్ళు ఇచ్చుకున్నారు. బడివాళ్ళు మావయ్య చేత ఇప్పించారు.

"మిషను కాలేజీలో ఖర్చు తక్కువే, కాదన్ను. కానీ తిరుగు లోడు ఏదీ? మీరు చదివింది అక్కడే కదా," అంటూ ఆయన మా ఇల్లు ఒకసారి కలియజూశారు. చూపు దూలాల మీద నుంచి దిగి నాన్న బనీను దగ్గర ఆగింది. నాన్న తువ్వాలు తీసి చిరుగు మీద వేసుకున్నాడు.

"లోడు వచ్చింది బావగారూ. మీ చెల్లెలు," అన్నాడు.

వంటింట్లో గరిటె కింద పడింది. ఆ పూట పోలిక అక్కడితో ఆగింది.

మొదట బెజవాడ వెళ్ళాం. కాలువలకు నీళ్ళు వదిలిన రోజులు, పొలాల్లో నారుమళ్ళు పోస్తున్నారు. బస్సు ఉయ్యూరు దాటేదాకా మావయ్య నాకు ఫాదర్ల సంగతులు బోధించారు. వాళ్ళు పెళ్ళి చేసుకోరు. సంసారాలుండవు. పిల్లలకు ఫీజులు కట్టే బాధ లేదు. కాబట్టి మనం కట్టిన ఫీజులో పైసా కూడా ఇంటికి పోదు, కాలేజీకే పోతుంది. ఇది ఫాదర్ల పక్షాన చాలా పెద్ద బరువు అని కుడిచెయ్యి కిందికి దించారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఫాదర్లకు సంసారం ఉండదని ఆయనకు తెలియక కాదు. నాకు చెప్పిందే ఆయన.

ప్రిన్సిపాల్ ఫాదర్‌గారు తెల్ల అంగీలో, తెల్ల గడ్డంతో ఉన్నారు. నెమ్మదైన మనిషి. కూర్చోమన్నారు. నా కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు. మావయ్య నమస్కారం చేశారు. అక్కడిదాకా బాగానే జరిగింది.

మా వాళ్ళలో ఒక మర్యాద ఉంది. పాస్టరుగారిని అయ్యగారంటాం, ఆయన భార్యను అమ్మగారంటాం. అయ్యగారు ఎదురుపడితే మొట్టమొదట అమ్మగారి క్షేమం అడగాలి. తరవాతే ఏ మాటైనా. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అడుగుతూ వచ్చిన నోరు అది. ఎదురుగా తెల్ల బట్టల్లో ఒక దైవజనుడు కనబడేసరికి, మావయ్య బుర్ర అడ్డుపడే లోపల నోరు తన పని తాను చేసేసింది.

"అమ్మగారు కులాసానాండీ?"

ఫాదర్‌గారు కాగితం మీదనుంచి తల ఎత్తారు. తలుపు దగ్గర అటెండరు గోడ వైపు తిరిగాడు. మావయ్య ముఖం చూస్తే తప్పు తెలిసిపోయిందని అర్థమైంది. తెలిసినవాడు ఊరుకుంటే పోయేది. ఆయన దిద్దబోయారు.

"అంటే... మీ అమ్మగారండీ. మిమ్మల్ని కన్న తల్లిగారు."

ఆవిడ పోయి చాలా కాలమైందని ఫాదర్‌గారు మెల్లగా చెప్పారు.

మా వాళ్ళలో ఇంకో మర్యాద కూడా ఉంది. చావు కబురు వింటే, అది ఎంత పాతదైనా సరే, ప్రార్థన చెయ్యాలి. అదీ పుస్తకంలో చూసి చదివేది కాదు, మనసులో ఏముంటే అది. "ప్రార్థన చేసుకుందామండీ," అని మావయ్య లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఫాదర్‌గారు కూడా లేచి నిలబడక తప్పలేదు. ప్రార్థన మధ్యలో ఆపమనడానికి ఫాదర్లకైనా అధికారం లేదు కదా.

మొదట ఆ తల్లిగారి గురించి మంచిగానే మొదలైంది. తల్లి ప్రేమనుంచి తండ్రి బాధ్యతకు వచ్చింది. తండ్రి బాధ్యతనుంచి మా నాన్న జీతానికి వచ్చింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. మావయ్య కళ్ళయితే మూసుకున్నారు గాని చేతులు మూసుకోలేదు. రెండు అరచేతులూ పైకి లేచి ఉన్నాయి.

"ప్రభువా, ఒక వైపు ఈ కాలేజీ, ఒక వైపు ఆ కాలేజీ. అక్కడ ఫీజు తగ్గించారు, అది నీకు తెలియనిది కాదు. ఇక్కడ హాస్టల్లో కూర నీళ్ళగా ఉంటుందని జంక్షన్‌లో విన్నాం, అదీ నీకు తెలుసు. అయినా ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే వస్తున్నాయి తండ్రీ. ఈ బిడ్డకు లెక్కలు రావు. చూసి రాశాడేమో కూడా మేము ఎరగం."

నేను చూసి రాయలేదు. చూద్దామంటే పక్కవాడికీ రాదు. కానీ ఫాదర్‌గారి చేతిలో ఉన్న దరఖాస్తులో, లెక్కలంటే నాకు ప్రాణం అని నా చేతి రాత ఉంది. ఆ నిమిషంలో లారీ ఆఫీసు కుర్చీ నా కళ్ళ ముందు కనబడింది. బాగు చేయించిన కాలుతో సహా.

ఆమెన్ అయ్యాక ఫాదర్‌గారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తల్లి గుర్తుకు వచ్చిందనుకున్నాం. భుజాలు కూడా అదురుతున్నాయి. కాసేపటికి సర్దుకుని, ఎంతో వినయంగా అడిగారు.

"ఏమని జవాబు వచ్చిందండీ?"

"ఇంకా రాలేదండీ. మిషను కాలేజీ చూడలేదు కదా. చూశాక వస్తుంది," అన్నారు మావయ్య.

శనివారం సాయంత్రందాకా నా సీటు ఇంకొకరికి ఇవ్వనని ఫాదర్‌గారు చెప్పారు. దేవుడు ఆలస్యం చేస్తే మీరే వచ్చి చెప్పండి అని కూడా అన్నారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య చేతులు కదల్లేదు. ఉయ్యూరు దగ్గర చెరకు మడ్డి వాసన వస్తే కూడా ముక్కు మూసుకోలేదు. ఇంక జన్మలో ఎవరినీ అమ్మగారి గురించి అడగనని మాత్రం ఒకసారి అన్నారు. నాకు ఊరట కలిగింది. నా తెలివితక్కువతనానికి నేను వేసుకోవలసిన ఇంకో మార్కు అది.

మర్నాడు మిషను కాలేజీకి వెళ్ళాం. అక్కడి ప్రిన్సిపాల్‌గారు మా సంఘస్థులే, పాస్టరు కూడా. బంగళా వరండాలో కూర్చోబెట్టి, నాన్నను పేరు పెట్టి గుర్తు చేసుకున్నారు. ఫీజు తగ్గింపు ఖాయమన్నారు. అంతలో ఆయన భార్య, నిజంగా అమ్మగారు, అసలు సిసలైన అమ్మగారు, మజ్జిగ గ్లాసులతో వచ్చారు. మా వాళ్ళెవరైనా గుమ్మం ఎక్కుతూనే క్షేమం అడిగితే వినడం ఆవిడకు అలవాటు. గ్లాసులు ఇచ్చి నిలబడ్డారు. మావయ్య తల ఎత్తి వరండా వాసాలు చూస్తున్నారు.

ప్రిన్సిపాల్‌గారు కొంచెంసేపు చూసి, "ఈవిడకు ఈ మధ్య మోకాళ్ళ నొప్పులు," అని దారి చూపించారు.

"ఎండలు అలా ఉన్నాయండీ," అన్నారు మావయ్య, వాసాలతోనే.

నేను కాలితో తొక్కాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. ఇంక నేనే అడుగుదామంటే, పెద్దవాళ్ళుండగా పిల్లలు అడిగితే అది ఇంకా పెద్ద అమర్యాద. అమ్మగారు ఖాళీ గ్లాసులు కూడా తీసుకోకుండా లోపలికి వెళ్ళిపోయారు. హాస్టల్లో గదుల వ్యవహారం ఆవిడే చూస్తారని తరవాత తెలిసింది. హాస్టలు నిండిపోయిందని లోపలినుంచి మాట వినబడింది. అంతకు ముందు క్షణందాకా అది నిండలేదు.

హాస్టలు లేదంటే బయట గది తీసుకోవాలి, హోటల్లో తినాలి. తగ్గిన ఫీజులో సగం ఆ ఖర్చుకే పోయింది, మిగిలిన సగం ఫాదర్ల వైపు ఉద్యోగాలతో సరిగ్గా సరితూగింది. ఇంకొకరైతే దిగులు పడేవారు. మావయ్యకు మాత్రం ముఖం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారిగా ఆయన రెండు అరచేతులూ ఒకే ఎత్తులో నిలబడ్డాయి. శనివారం మధ్యాహ్నం మా మంచం మీద కూర్చుని, ఆ చేతుల్ని ఆయనే అబ్బురంగా చూసుకుంటున్నారు. వెంట్రుక వాసి తేడా లేదు మాస్టారూ అంటున్నారు. బెజవాడ బస్సుకు వేళవుతోంది. అది పోతే సాయంత్రానికి అందుకోలేం. నేను గుమ్మంలో నిలబడి ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి ఆయన చేతుల వైపు చూస్తున్నాను. ఏదో ఒక వైపు ఈగైనా వాలకూడదా అనుకున్నాను.

ఈగ రాలేదు గాని అమ్మ వచ్చింది. రెండు కాఫీ గ్లాసులు తెచ్చి అన్నగారి రెండు చేతుల్లోనూ చెరొకటి పెట్టింది.

"ఒకటి బెల్లంతో చేశాను అన్నయ్యా, ఒకటి పంచదారతో. ఏది బాగుందో చెప్పు."

మావయ్య కుడిది గుటకేశారు. ఎడమది గుటకేశారు. మళ్ళీ కుడిది. లోకం మరిచిపోయారు. చేతులు ఖాళీ లేని ఆ కాస్త వ్యవధిలో నాన్న నా చేతిలో సంచీ పెట్టి, "బెజవాడ," అన్నాడు.

ఎందుకని అడిగితే, చెప్పులు వేసుకుంటూ మెల్లగా అన్నాడు. "ఆ ఫాదరుగారికి మన సంగతంతా తెలిసిపోయింది కదరా. ఇంక అక్కడ సిగ్గుపడేందుకు ఏమీ మిగల్లేదు."

నిజంగానే మిగల్లేదు. ఫీజు వాయిదాల మీద కట్టుకోమని ఫాదర్‌గారే ముందుగా అన్నారు, ప్రార్థనలో విన్నాను కదా అంటూ. కానీ తలుపు దగ్గరి అటెండరు కూడా విన్నాడు. నేను క్లాసులో అడుగు పెట్టేసరికి నాకంటే ముందు నా పేరు వచ్చి కూర్చుంది. అక్కడ చదివినన్నాళ్ళూ నన్ను ఎవరూ సొంత పేరుతో పిలవలేదు. కబడ్డీలో నన్ను పట్టుకుంటే "అమ్మగారు అవుట్" అనేవారు. మెస్సులో వడ్డించేవాడు అమ్మగారికి ఇంకో గరిటె అనేవాడు. చివరి రోజు సర్టిఫికెట్ ఇస్తూ ఫాదర్‌గారు కూడా, అమ్మగారు కులాసానా అని అడిగారు. కులాసానేనండీ అన్నాను. ఏం చేస్తాను?

తరవాత నాకు తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగానికి పదో తరగతి చాలు. ఏ కాలేజీకి వెళ్ళకపోయినా వచ్చేది. మావయ్య మాత్రం జంక్షన్ అంతా తిరిగి, వాడు నేను తూచి పంపిన కుర్రాడు అని చెప్పుకున్నారు. నా బిరుదు సంగతి ఆయనకు తెలుసు. తెలిసి, అమ్మగారంటే గౌరవమే కదరా అబ్బాయ్, ఆర్.సి.ఎం. వాళ్ళ దగ్గర మనవాళ్ళకు ఇంత గౌరవం ఎక్కడైనా జరిగిందా అన్నారు. అప్పుడే నాకు బదులు తీర్చుకోవాలని బుద్ధి పుట్టింది.

పామర్రులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర అవకాశం దానంతటదే వచ్చి పక్క విస్తరి ముందు కూర్చుంది. ఒక రైతు. కొడుకు ఇంటర్ పాసయ్యాడు. ఫాదర్ల కాలేజీలో మీకు సీటు ఎలా వచ్చిందండీ అని అడిగాడు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అంతా మా మావయ్య చలవండీ అన్నాను. ఆయన వెళ్ళి ఒక్క మాట అన్నారు, ఫాదర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, కళ్ళు తుడుచుకున్నారు, నా సీటు పక్కన పెట్టేశారు అన్నాను. అటు విస్తరివాళ్ళు, ఇటు విస్తరివాళ్ళు తినడం ఆపి విన్నారు. పప్పు వడ్డించేవాడు కూడా నిలబడి విన్నాడు. జంక్షన్‌లో ఆయన ఆఫీసు ఎక్కడో గుర్తులతో సహా చెప్పాను.

ఆ జూన్‌లో ఏం జరిగిందో అత్తయ్య నాకు చెప్పి, నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. రోజూ బస్సు దిగి ఎవరో ఒకరు రావడమే. పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో కోడో గుమ్మడికాయో పట్టుకుని, మీరే వచ్చి ఫాదర్‌గారితో ఒక్క మాట చెప్పాలండీ అనడమే. మావయ్య కొందరితో బెజవాడ వెళ్ళారు కూడా. ఆయన్ని చూడగానే ఫాదర్‌గారు అలవాటుగా లేచి నిలబడేవారట. దాంతో పేరు ఇంకా పాకింది. బుకింగులు ఆగిపోయాయి. చివరికి ఆయన, ఎవరొచ్చినా ఏలూరు వెళ్ళానని చెప్పమని అత్తయ్యకు చెప్పి, షెడ్డు వెనక తవుడు బస్తాల చాటున కూర్చోవడం మొదలుపెట్టారు.

ఈ సంగతి నాకు తెలిసింది. తరవాత నన్ను అడిగినవాళ్ళకు ఇంకొక్క ముక్క చేర్చాను. ఆయన లేరంటారు, నమ్మకండి, వెళ్ళిపోకండి. ముందు బల్ల మీద కూర్చుని ఒక్క మాట గట్టిగా అనండి, చాలు అని ఆ మాట నేర్పాను.

మర్నాడే ఎవరో భార్యాభర్తలు వెళ్ళారు. ఆయన ఏలూరు వెళ్ళారని అత్తయ్య చెప్పింది. అలాగే అని బల్ల మీద కూర్చున్నారు. కాసేపు ఉండి, ఆ పెద్దమనిషి పెళ్ళాంతో, వీధిలోకి వినబడేలా అన్నాడట.

"పోనీలేవే, ఆయనతో పనేముంది? రెండు కాలేజీలూ ఒకటే. ఎందులో పడేసినా ఒకటే."

షెడ్డు వెనక చిన్న అలికిడి అయింది. తరవాత ఒక బస్తా కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"రెండూ ఒకటెలా అవుతాయండీ?" అంటూ, తల నిండా తవుడుతో, మావయ్య బయటికి వచ్చేశారు.